డబ్బు పెట్టకుండా పీపీటీలు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్ట్ రివ్యూ దగ్గర పడిన ఇంజినీరింగ్ పిల్లలు, పెద్ద స్క్రీన్ మీద పాఠం చెప్పే బడి టీచర్లు, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు మీటింగ్‌లో చూపించాల్సిన కార్యదర్శులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు వేరే కాబట్టి వాటి గురించి కాస్త వివరంగానే రాశాను.

పవర్‌పాయింట్ కొనకుండా పీపీటీ చేయడం నిజంగా అవుతుందా?

అవుతుంది. మన దగ్గర ఏ స్లైడ్లనైనా పీపీటీ అనే అంటాం కాబట్టి పవర్‌పాయింట్ తప్పనిసరి అన్న అభిప్రాయం పడిపోయింది. ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని నెట్ లేకుండా వాడుకోవడానికి లిబ్రేఆఫీస్‌లోని ఇంప్రెస్, ఓన్లీఆఫీస్ ఉన్నాయి. బ్రౌజర్‌లో నడిచేవాటిలో గూగుల్ స్లైడ్స్, చెన్నైకి చెందిన జోహో కంపెనీ తెచ్చిన జోహో షో ఉన్నాయి. పవర్‌పాయింట్‌కు కూడా వెబ్ వెర్షన్ ఉంది, దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఆపిల్ వాళ్ల మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లకు కీనోట్ ఉచితం.

ఇంకో మాట. మీ కాలేజీ మీకు ఈమెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే, దాంతో మైక్రోసాఫ్ట్ వాళ్ల సైట్‌లో ఒకసారి లాగిన్ అయి చూడండి. విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ ఉచిత ప్లాన్ ఇస్తుంది. మీ కాలేజీ అందులో ఉండి ఉండొచ్చు, మీకు ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు.

ఇన్ని ఉన్నాయి సరే, నేను ఏది పట్టుకోవాలి?

సొంత ల్యాప్‌టాప్ ఉండి, హాస్టల్‌లో వైఫై సరిగ్గా రానివాళ్లకు ఇంప్రెస్. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. నలుగురు కలిసి ఒకే పీపీటీ మీద పని చేయాలంటే గూగుల్ స్లైడ్స్‌కు మించింది లేదు. గైడ్ గారు పవర్‌పాయింట్‌లోనే తెరిచి దిద్దుతారని ముందే తెలిస్తే వెబ్ పవర్‌పాయింట్‌లో చేయడమే మేలు, ఫార్మాటింగ్ అతి తక్కువగా చెదిరేది అందులోనే.

రోజుకొకటి మార్చి చూడకండి. ఒకటి ఎంచుకుని దాని మీద చేయి తిరిగేదాకా వాడండి.

ఇంప్రెస్ కోసం వెతికితే ఒకచోట డబ్బు అడిగింది. ఉచితం అన్నారు కదా?

ఉచితమే. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ అనే అధికారిక సైట్ నుంచి దించుకోండి, అక్కడ విరాళం అడుగుతారు గానీ ఇవ్వకపోయినా డౌన్‌లోడ్ ఆగదు. యాప్ స్టోర్లలో మాత్రం దానికి కొద్దిపాటి ధర పెట్టి ఉంచారు. అది మోసమేమీ కాదు, కానీ మీరు కట్టాల్సిన అవసరం లేదు. ఇన్‌స్టాలర్ 300 ఎంబీ పైనే ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోట దించుకోండి.

ఎవరు చేశారు, నమ్మొచ్చా అని కూడా అడుగుతుంటారు. స్టార్‌ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది దాని కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో అందులో పనిచేసేవాళ్లు కొందరు విడిగా వచ్చి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. దాన్ని నడిపేది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. విండోస్ బదులు వాడే లినక్స్‌లలో చాలావాటిలో ఇది ముందే ఉంటుంది.

విండోస్ వేసిన అబ్బాయి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా కొనకుండా క్రాక్ చేసి ఇస్తానంటున్నాడు. తప్పేముంది?

చట్టం సంగతి పక్కన పెట్టినా, క్రాక్ పని చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపిన తర్వాత ఆ ఫైలుతో పాటు ఇంకేం లోపలికి వచ్చిందో మీకు కనబడదు. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్లు, అమ్మానాన్నల ఆధార్ కాపీలు ఉంటాయి. ఉచితంగా, చట్టబద్ధంగా ఇన్ని దొరుకుతున్నప్పుడు ఆ రిస్క్ ఎందుకు? వద్దని చెప్పండి.

స్లైడ్‌లో తెలుగు అక్షరాలు డబ్బాలుగానో, ముక్కలుగానో వస్తున్నాయి. ఎందుకు?

నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మూడు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి, ముందు మీది ఏదో తేల్చుకోవాలి.

మొదటిది, అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలుగా రావడం. ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదన్నమాట. తెలుగు ఫాంట్ ఒకటి ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, అంతకు ముందు గౌతమి ఫాంట్లు విండోస్‌తోనే వస్తున్నాయి కాబట్టి ఇప్పుడు ఇది తక్కువే.

రెండోది, తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు రావడం. అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైప్ చేసిన మ్యాటర్. డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో ఇప్పటికీ అదే వాడతారు. అందులో ఇంగ్లిష్ అక్షరాల చోటులోనే తెలుగు బొమ్మలు పెట్టి ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్నచోట తెలుగులా, లేనిచోట చెత్తలా కనబడుతుంది. దాన్ని యూనికోడ్‌కు, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగుగానే గుర్తించే పద్ధతికి, మార్చాలి. మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, కానీ మార్చాక ఒత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ చదివి చూసుకోవాలి. నాలుగైదు స్లైడ్ల మ్యాటరే అయితే కన్వర్టర్ జోలికి పోకుండా మళ్లీ టైప్ చేసుకోవడమే తేలిక.

మూడోది తికమక పెట్టేది. తెలుగు కనబడుతుంది గానీ ఒత్తులు విడిపోతాయి. సైన్స్ పాఠానికి ‘కిరణజన్య సంయోగక్రియ’ అని కొట్టారనుకోండి. ‘క్రి’ రావాల్సిన చోట ‘క్’ ఒకటి, పక్కనే ‘రి’ ఒకటి నిలబడతాయి. ‘జన్య’లో యవత్తు కిందికి దిగకుండా ‘న్’ పక్కన ‘య’ విడిగా కూర్చుంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌లోనో, నాసిరకం ఫాంట్‌లోనో అక్షరాలను కలిపే ఏర్పాటు లేకపోతే ఇలా అవుతుంది. కొత్త వెర్షన్ వేసుకుని, నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కు మార్చి చూడండి. ఎక్కువసార్లు దాంతోనే సరిపోతుంది.

ఇంప్రెస్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మాత్రం మారడం లేదు. పిచ్చెక్కుతోంది.

టెన్షన్ పడకండి, అది మీ పొరపాటు కాదు. లిబ్రేఆఫీస్ ఇంగ్లిష్‌కు ఒక ఫాంట్, తెలుగు, హిందీ లాంటి భాషలకు ఇంకో ఫాంట్ విడివిడిగా గుర్తుంచుకుంటుంది. టూల్స్ మెనూలో ఆప్షన్స్‌కు వెళ్లి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నదానికి టిక్కు పెట్టి, అక్కడ తెలుగు ఎంచుకోండి. తర్వాత ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిస్తే తెలుగు ఫాంట్‌కు, దాని సైజుకు వేరే చోటు కనబడుతుంది. మార్చాల్సింది అక్కడ. ఇంగ్లిష్ 28లో, తెలుగు 18లో ఉండిపోయిన స్లైడ్లు నాకు చాలానే పంపుతుంటారు, అన్నిటికీ కారణం ఇదే.

ఏ తెలుగు ఫాంట్ బాగుంటుంది?

స్లైడ్ మధ్యలో చదవాల్సిన మ్యాటర్‌కు నోటో సాన్స్ తెలుగు. సన్నగా, లావుగా పలు మందాలు అందులో విడిగా ఉన్నాయి కాబట్టి బోల్డ్ పెడితే అందంగా వస్తుంది. పత్రికల అక్షరాల పోకడ ఇష్టమైతే మండలి. శీర్షికలకు రామభద్ర గట్టిగా, దూరానికి కూడా కనబడుతుంది. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మండలి, రామభద్ర ఒక్కో మందంలోనే వస్తాయి, వాటికి బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా లావు చేసి గుడులు, సుడులు పూడ్చేస్తుంది. నొక్కకండి. వంపులు తిరిగిన అలంకార ఫాంట్లు పెళ్లి కార్డులకు బాగుంటాయి, స్లైడ్లకు వద్దు.

ఫాంట్ కన్నా ముఖ్యమైనది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్‌కు సరిపోయే ఖాళీ మనకు చాలదు. పై వరుసలో ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలో గుడులు పైకి లేస్తాయి, రెండూ ఢీకొంటాయి. లైన్ స్పేసింగ్ 120 శాతం దాకా పెంచండి. అక్షరాల సైజు 28 కన్నా తగ్గించకండి. తెలుగు అక్షరంలో చిన్న చిన్న మెలికలు ఎక్కువ, వెనక బెంచీ నుంచి ‘ప’కీ ‘ష’కీ తేడా తెలియాలి.

తెలుగు టైప్ చేయడం ఎలా? కీబోర్డు మీద ఇంగ్లిషే ఉంది.

విండోస్ 10లో 2019 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చి, ఆ కీబోర్డు ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొట్టగానే తెలుగులో వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. టైపింగే పడనివాళ్లు ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడి, వచ్చిన మ్యాటర్‌ను గూగుల్ డాక్స్‌లో పెట్టుకుని కంప్యూటర్‌లో కాపీ చేసుకోండి. పెద్దవయసు టీచర్లకు నేను చెప్పేది ఈ దారే.

ఇంట్లో బ్రహ్మాండంగా ఉంది, సెమినార్ హాల్లో చూస్తే అంతా చెదిరిపోయింది.

ఫైలు పాడవలేదు. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేదు, వేరే ఫాంట్ దాని చోటులోకి వచ్చింది, దాని వెడల్పు వేరు కాబట్టి వరుసలు కిందికి జారాయి. ఇంప్రెస్‌లో చేసి పవర్‌పాయింట్‌లో తెరిచినా, అక్కడిది ఇక్కడ తెరిచినా ఇంకొన్ని తేడాలు వస్తాయి. పవర్‌పాయింట్‌లోని స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు, మార్ఫ్ లాంటి ట్రాన్సిషన్లు (స్లైడ్ మారేటప్పుడు వచ్చే కదలికలు) అటూఇటూ సరిగ్గా దాటవు. కాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లకు మాత్రం అదే వెడల్పున్న కార్లిటో, కాలడియా లిబ్రేఆఫీస్‌తోనే వస్తాయి, అందుకే ఇంగ్లిష్ మ్యాటర్ పెద్దగా కదలదు. దెబ్బ తినేది తెలుగే.

అందుకని ఎప్పుడూ మూడు ఫైళ్లు పట్టుకెళ్లండి. మీరు పని చేసిన అసలు ఫైలు, సేవ్ యాజ్ ద్వారా చేసిన పీపీటీఎక్స్ (పవర్‌పాయింట్ ఫార్మాట్) ఫైలు, ఒక పీడీఎఫ్. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉండిపోతుంది, ఎక్కడ తెరిచినా అక్షరం కదలదు. ఫుల్ స్క్రీన్‌లో పెట్టి బాణం కీలతో స్లైడ్ల లాగే నడిపించొచ్చు. యానిమేషన్లు పోతాయి, పోనివ్వండి.

ఇంప్రెస్‌లో ఇంకో మంచి ఏర్పాటుంది, చాలామందికి తెలియదు. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే మీ అసలు ఓడీపీ (ఇంప్రెస్ సొంత ఫార్మాట్) ఫైలు ఆ పీడీఎఫ్ లోపలే చేరుతుంది. మామూలుగా తెరిస్తే పీడీఎఫ్, ఇంప్రెస్‌లో తెరిస్తే దిద్దుకోగల స్లైడ్లు.

ఒక్కో స్లైడ్‌లో ఎంత రాయాలి?

మూసీ వరదల మీద ఒక విద్యార్థి స్లైడ్ చేస్తున్నారనుకుందాం. మామూలుగా ఇలా రాస్తారు: ‘1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి భారీ వరదలు సంభవించి హైదరాబాద్ నగరం తీవ్రంగా నష్టపోయినది. తదనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సూచనల మేరకు ఉస్మాన్ సాగర్ మరియు హిమాయత్ సాగర్ జలాశయములు నిర్మించబడినవి.’ తప్పేమీ లేదు. కానీ మీరు నోరు తెరిచేలోపే అందరూ దాన్ని చదివేస్తారు, ఆపైన మీరు చెప్పేది ఎవరూ వినరు.

దీన్నే మార్చి చూద్దాం. శీర్షికలో ‘మూసీ వరదలు’ అని పెట్టకుండా, మీరు చెప్పదలుచుకున్న మాటే పెట్టండి: ‘వరద వచ్చాకే జంట జలాశయాలు కట్టారు’. కింద మూడే వరుసలు:

1908 మూసీ వరద
1920 ఉస్మాన్ సాగర్
1927 హిమాయత్ సాగర్

పక్కన మ్యాప్. విశ్వేశ్వరయ్య ఏం సూచించారు, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి జనం ఎలా ప్రాణాలు కాపాడుకున్నారు అన్నది మీరు నోటితో చెప్పాలి. తెర మీద లేని కథ మీ దగ్గర ఉంటే జనం తెర వదిలి మిమ్మల్ని చూస్తారు. మూడు వరుసల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. 1908కీ 1920కీ మధ్య పన్నెండేళ్లు ఎందుకు పట్టిందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పేరా రాసినప్పుడు ఆ ప్రశ్న రాదు. ఆ జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.

ప్రతి స్లైడ్‌లో కాలేజీ లోగో పెట్టాలి. ఒక్కొక్కటిగా పెట్టాలా?

వద్దు. ఇంప్రెస్‌లో వ్యూ మెనూలో మాస్టర్ స్లైడ్ తెరిచి అక్కడ ఒక్కసారి పెడితే అన్ని స్లైడ్లలోకి వస్తుంది. ఫాంటు, రంగు, స్లైడ్ నంబరు కూడా అక్కడే సెట్ చేసుకోండి. గైడ్ గారు చివరి రోజు రంగు మార్చమన్నా ఒక్క నిమిషం పని.

యానిమేషన్లు పెట్టాలా?

ఒక ప్రక్రియను దశలవారీగా చూపించాలంటే పెట్టండి. లేకపోతే అవసరం లేదు.

ఫైలు బాగా పెద్దదైంది, మెయిల్‌లో పోవడం లేదు.

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ. బరువంతా ఫోన్‌తో తీసిన ఫొటోలదే. ఇంప్రెస్‌లో టూల్స్ మెనూలో మినిమైజ్ ప్రెజెంటేషన్ ఉంది, అది ఫొటోలను కుదించి కొత్త కాపీ ఇస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి. స్లైడ్లను ఫొటోలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది, తెలుగు ఒత్తులు మసకబారతాయి.

గూగుల్‌లో కనబడిన ఫొటో పెట్టేసుకోవచ్చా?

కనబడినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. వికీమీడియా కామన్స్‌లో చార్మినార్, గోల్కొండ, హుస్సేన్ సాగర్ ఫొటోలు బోలెడు దొరుకుతాయి. ప్రతి ఫొటో కింద షరతులు రాసి ఉంటాయి, ఫొటో తీసినవారి పేరు వేయమంటే స్లైడ్ మూలన చిన్నగా వేయండి. అంకెలు కావాలంటే తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ చూడండి. అన్నిటికన్నా మంచిది మీరే వెళ్లి తీసుకున్న ఫొటో. మీ కాలనీ నాలా గురించి చెప్పేటప్పుడు ఆ నాలా ఫొటోనే ఉండాలి.

ప్రొజెక్టర్‌కు కలిపితే ఏమీ రావడం లేదు.

విండోస్ కీ, పీ కలిపి నొక్కండి. డూప్లికేట్ ఎంచుకుంటే మీ తెరే అక్కడా వస్తుంది. కేబులే కలవకపోతే సంగతి వేరు. పాత హాళ్లలో ప్రొజెక్టర్లకు వీజీఏ ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ, లేదంటే టైప్ సీ మాత్రమే ఉంటుంది. మధ్యలో కన్వర్టర్ కావాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో, కోఠిలో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, షాపులోనే మానిటర్‌కు కలిపి చూపించమనండి.

పాత ప్రొజెక్టర్ తెర 4:3 ఆకారంలో ఉంటుంది, మన స్లైడ్లు 16:9లో ఉంటాయి. పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి అక్షరం చిన్నదవుతుంది. హాల్ సంగతి ముందే కనుక్కుని సైజు మొదట్లోనే మార్చుకోండి. గూగుల్ స్లైడ్స్‌లో ఫైల్ మెనూలో పేజ్ సెటప్, ఇంప్రెస్‌లో స్లైడ్ మెనూలో ప్రాపర్టీస్. అంతా అయ్యాక మారిస్తే బొమ్మలు సాగిపోతాయి. కిటికీలకు కర్టెన్లు లేని గది అయితే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలే నిలబడతాయి.

నోట్స్ నాకు మాత్రమే కనబడాలి, జనానికి కాదు.

డూప్లికేట్ బదులు ఎక్స్‌టెండ్ పెట్టండి. ఇంప్రెస్‌లో ఎఫ్5 నొక్కగానే జనానికి స్లైడ్, మీ ల్యాప్‌టాప్‌లో నోట్స్, తర్వాతి స్లైడ్, గడియారం వస్తాయి. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే బీ కీ నొక్కండి, తెర నల్లబడి అందరి చూపూ మీ మీదికి వస్తుంది. మళ్లీ నొక్కితే స్లైడ్ తిరిగి వస్తుంది.

డెస్క్‌టాప్ మీద చేస్తుంటే కరెంటు పోయింది. చేసిందంతా పోయినట్టేనా?

లిబ్రేఆఫీస్ మళ్లీ తెరవగానే రికవరీ అడుగుతుంది, ఒప్పుకోండి. ఆప్షన్స్‌లో లోడ్, సేవ్ విభాగంలో ఆటోరికవరీ సమయాన్ని రెండు నిమిషాలకు తగ్గించండి. గూగుల్ స్లైడ్స్‌లో అయితే ఎప్పటికప్పుడు దానంతట అదే సేవ్ అవుతుంది. టీమ్‌లో ఎవరైనా పొరపాటున స్లైడ్లు చెరిపేసినా వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది. హాల్లో నెట్ ఉండదనుకుంటే ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్ ఆన్ చేసుకుని బయల్దేరాలి, అక్కడికెళ్లాక చేద్దామంటే కుదరదు.

ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, గూగుల్ స్లైడ్స్ యాప్, పవర్‌పాయింట్ యాప్ రెండూ ఉచితమే. మ్యాటర్ రాయడం, వరుస మార్చడం ఫోన్‌లో హాయిగా అవుతుంది. బొమ్మలు సర్దడం మాత్రం విసుగు. ఆ పనికి గంట సేపు నెట్ సెంటర్‌లో కూర్చోండి. అక్కడ బ్రౌజర్‌ను ఇన్‌కాగ్నిటోలో తెరిచి, లేచేటప్పుడు జీమెయిల్ నుంచి తప్పక లాగౌట్ అవ్వండి. పెన్ డ్రైవ్ పెట్టకుండా ఫైలును మీకు మీరే మెయిల్ చేసుకోవడం మంచిది. పది మంది వాడే సిస్టమ్‌ల నుంచి పెన్ డ్రైవ్‌లకు వైరస్‌లు ఎక్కుతుంటాయి.

దీనికోసం అమీర్‌పేటలో కోర్సు చేరాలా?

స్లైడ్ల కోసమే అయితే వద్దు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఇంప్రెస్ మీద చిన్న చిన్న వీడియో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వీడియో చూస్తూ పక్కనే చేసుకుంటూ పోవాలి, అలా చేస్తేనే వస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి కలిగితే, మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా పనిచేస్తోంది, వాళ్లను కలవండి.

ప్రింట్ కూడా ఇవ్వమన్నారు. పేజీకి ఒక స్లైడ్ చొప్పున తీస్తే చాలా అవుతోంది.

ప్రింట్ ఆప్షన్లలో హ్యాండౌట్స్ ఎంచుకుని పేజీకి నాలుగు స్లైడ్లు పెట్టండి. ఆరు పెడితే తెలుగు ఒత్తులు కనబడవు. జిరాక్స్ షాపుకు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి, పీపీటీఎక్స్ ఇస్తే వాళ్ల సిస్టమ్‌లో మళ్లీ ఫాంట్ గొడవే. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉంటే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో అక్షరాలు కలిసిపోతాయి కాబట్టి ముందు ఒక్క పేజీ తీయించి చూసుకుని, ఆ తర్వాత మిగతా కాపీలు చెప్పండి.